క్యాప్సైసిన్ ఎన్ఎల్‌సీ జెల్: ఈఈ 99%, మూడు వారాలకే సీసాలో సూదులు

#1 జెల్‌చుక్క

నమస్కారం అందరికీ. పాదాల్లో మంట, మోకాలి నొప్పులకి పైపూతగా వాడే క్యాప్సైసిన్ జెల్ ఫార్ములేషన్ గురించి అడుగుతున్నాను. మందుని ఎన్ఎల్‌సీలో ఎక్కించి (గట్టి కొవ్వు, నూనె కలిపి చేసే నానో కణాలు), వాటిని కార్బొపాల్ జెల్‌లో కలపాలని ప్లాన్.

100 గ్రాముల డిస్పర్షన్‌కి:
కాంప్రిటాల్ 888 (గట్టి కొవ్వు): 4.5 గ్రా
ఒలీయిక్ ఆమ్లం (నూనె): 0.5 గ్రా
క్యాప్సైసిన్: 0.5 గ్రా
ట్వీన్ 80 (కొవ్వుని నీళ్లలో కలిపి ఉంచే సర్ఫాక్టెంట్): 2.5 గ్రా
మిగతాది నీళ్లు

కొవ్వుని 80 డిగ్రీల దగ్గర కరిగించి మందు కలిపి, నీటి భాగం పోసి, హోమోజినైజర్‌లో 10,000 ఆర్‌పీఎం మీద 5 నిమిషాలు, ప్రోబ్ సోనికేటర్‌తో ఇంకో 5 నిమిషాలు, ఆపైన ఐసులో చల్లార్చడం. సైజు 142 నానోమీటర్లు, పీడీఐ (సైజుల్లో తేడా) 0.21, జీటా (కణాల మీది చార్జి) మైనస్ 28 మిల్లీవోల్టులు. 10 కిలోడాల్టన్ల సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్‌తో చూస్తే ఈఈ (కణాల్లోకి ఎక్కిన మందు వాటా) 99.2%. ఎలుక చర్మం పెట్టి ఫ్రాంజ్ సెల్‌లో (చర్మం గుండా మందు దాటే వేగం, అంటే ఫ్లక్స్, కొలిచే గాజు పాత్ర) చూస్తే మామూలు జెల్ కంటే ఫ్లక్స్ మూడు రెట్లు.

అంతా బాగానే ఉంది కానీ మూడు వారాలకి ఫ్రిజ్‌లోని సీసా ఊపితే లోపల పట్టుదారాల్లా తళతళమంటోంది. మైక్రోస్కోప్ కింద సన్నటి సూదులు. సైజు రిపోర్టులో 900 నానోమీటర్ల దగ్గర రెండో శిఖరం లేచింది. ట్వీన్ పెంచితే పోతుందా?

#2 సూదిస్ఫటికం

ట్వీన్ జోలికి పోకముందు ఆ సూదులు దేనివో తేల్చండి. కొవ్వువా, మందువా? రెండూ స్ఫటికాలు కడతాయి, వైద్యం మాత్రం వేరు.

పది నిమిషాల పని. స్లైడ్ మీద ఒక చుక్క వేసి, పక్కన 50% ఇథనాల్ చుక్క తాకించండి. క్యాప్సైసిన్ అయితే అంచు నుంచి కరిగిపోతూ కనిపిస్తుంది. కాంప్రిటాల్ కదలదు. హాట్ స్టేజ్ (మైక్రోస్కోప్ కింద స్లైడ్‌ని వేడి చేసే పళ్లెం) ఉంటే ఇంకా నయం: నిమిషానికి 2 డిగ్రీల చొప్పున పెంచుతూ పోలరైజ్డ్ వెలుగులో చూడండి. క్యాప్సైసిన్ 62–65 దగ్గర మాయమవుతుంది, కాంప్రిటాల్ సుమారు 70 దాకా ఆగుతుంది. ఇక్కడ చిక్కు ఏంటంటే చుట్టూ నూనె ఉంటే మందు 62కి ముందే అందులో కరిగిపోవచ్చు. కాబట్టి ఆ అంకెని మరీ గట్టిగా పట్టుకోకండి, ఇథనాల్ పరీక్షతో కలిపి చదవండి.

ఇదే కారణంగా డీఎస్‌సీ (వేడి చేస్తూ ఏది ఎక్కడ కరిగిందో కొలిచే పరికరం) గ్రాఫ్‌లో క్యాప్సైసిన్ శిఖరం లేదు కాబట్టి మందంతా కణంలో అణువులుగా పరుచుకుందని రాసేవాళ్లని నమ్మకండి. వేడి చేస్తూ ఉండగానే మందు నూనెలోకి జారుకుంటుంది, శిఖరం ఎక్కడినుంచి వస్తుంది? పైగా మొత్తం డిస్పర్షన్‌లో మందు అర శాతం. అది డీఎస్‌సీ కంటికి ఆనదు.

#3 కరిగేకొవ్వు

జెల్‌చుక్క గారూ, మీ ఫార్ములాలో నాకు ముందు కనిపించింది ట్వీన్ కాదు, 5 గ్రాముల కొవ్వుకి అర గ్రాము మందు. అంటే 10% లోడింగ్. పైగా కొవ్వులో తొంభై వంతులు కాంప్రిటాల్, పది వంతులే నూనె.

లోపల జరిగేది ఇదీ. కాంప్రిటాల్‌ని గబుక్కున చల్లారిస్తే అణువులు అడ్డదిడ్డంగా సర్దుకుంటాయి. దీన్ని ఆల్ఫా రూపం అంటారు. సందులు ఎక్కువ, మందు ఆ సందుల్లో ఇరుక్కుని కూర్చుంటుంది. రోజులు గడిచేకొద్దీ కొవ్వు బీటా రూపంలోకి మారుతూ ఒద్దికగా పేర్చుకుంటుంది. సందులు మూసుకుపోతాయి, మందు బయటికి నెట్టబడుతుంది. నీళ్లలో అది దాదాపు కరగదు కాబట్టి సూదులు కడుతుంది. నూనె కలపడం ఎందుకంటే ఈ పేర్పుని చెడగొట్టడానికే. పది వంతుల నూనె ఆ పనికి చాలదు. 70కి 30 అయినా ఉండాలి.

ఇక ఈఈ 99.2%. ఆ అంకెని పక్కన పెట్టండి. 10 కిలోడాల్టన్ల ఫిల్టర్ కింద చేరేది నీళ్లలో విడిగా కరిగిన మందు ఒక్కటే. పైన మిగిలిపోయేవి మూడు: కణాల్లోని మందు, ట్వీన్ మిసెల్స్‌లోని (ట్వీన్ అణువులు గుంపుకట్టి చేసే చిన్న ముద్దలు) మందు, కణాలు పట్టుకోలేక వదిలేసిన స్ఫటికాల మందు. మూడిటినీ కలిపి ‘ఎన్‌క్యాప్సులేట్ అయింది’ అని లెక్కేస్తున్నారు. ట్వీన్ 80 లీటరుకి సుమారు 15 మిల్లీగ్రాములు దాటితే మిసెల్స్ కడుతుంది. మీ దగ్గర లీటరుకి 25 గ్రాములు ఉంది. కొంత కణాల మీద అతుక్కున్నా మిగతాదంతా మిసెల్సే. కొవ్వు అసలే వేయకుండా ఒట్టి ట్వీన్ నీళ్లలో మందు కలిపి ఇదే ఫిల్టర్ పెట్టి చూడండి. అప్పుడూ ‘ఈఈ’ తొంభై పైనే వస్తే ఆశ్చర్యపోకండి.

డీఎల్‌ఎస్‌లో (వెలుగు చెదరడాన్ని బట్టి సైజు కొలిచే పద్ధతి) మిసెల్స్ ఎందుకు కనబడలేదంటే, చిన్న కణాల నుంచి వచ్చే వెలుగు వ్యాసం ఆరో ఘాతంతో పడిపోతుంది. 142 నానోమీటర్ల కణాల పక్కన 10 నానోమీటర్ల మిసెల్ సూర్యుడి ముందు మిణుగురే.

#4 జెల్‌చుక్క

ఇథనాల్ పరీక్ష చేశాం. సూదులు అంచుల నుంచి కరిగిపోయాయి. హాట్ స్టేజ్‌లో 61–63 మధ్య మాయం. అంటే మందే.

కానీ ఒక సందేహం. 80 డిగ్రీల దగ్గర ఆ 10% మందు కొవ్వులో తేటగా కరిగింది, ఒక్క నలుసు లేదు. మరి లోడింగ్ ఎక్కువైందని ఎలా అంటాం?

#5 కరిగేకొవ్వు

80 డిగ్రీల్లో కరిగింది సరే, సీసా ఉండేది 4 డిగ్రీల్లో కదండీ.

లోడింగ్ ఇలా తేల్చండి. చిన్న గాజు సీసాల్లో కొవ్వు మిశ్రమం ఒక్కో గ్రాము తీసుకోండి. క్యాప్సైసిన్ 1, 2, 3, 5, 8 శాతం చొప్పున వేసి 80 దగ్గర పూర్తిగా కరిగించండి. వేడి స్లైడ్ మీద పల్చటి పొర లాగి, కవర్‌స్లిప్ వేసి, గది వేడిమిలో వదిలేయండి. మరుసటి రోజు, 7వ రోజు, 21వ రోజు పోలరైజ్డ్ మైక్రోస్కోప్ కింద చూడండి. మందు లేని కొవ్వు స్లైడ్ పక్కన ఉండాలి, లేకపోతే కొవ్వు స్ఫటికాన్నే మందనుకుంటారు. 21వ రోజున సూది లేని శాతం ఏదో, దానికి ఒక మెట్టు కింద ఆగండి. ఈ మిశ్రమంలో 3% దగ్గర ఆగాల్సి రావచ్చు.

ఇంకోటి, కొవ్వు 80 దగ్గర ఉన్నప్పుడు నీళ్లూ 80 దగ్గరే ఉండాలి. నీళ్లు 65కి జారినా పోసిన చోటే కొవ్వు గడ్డకట్టి రోటర్‌కి అతుక్కుంటుంది, మీ బ్యాచ్‌లో కొవ్వు ఎంత మిగిలిందో మీకే తెలియదు. సోనికేషన్ కూడా వేడి నీళ్ల తొట్టిలోనే చేయాలి, ఐసులో కాదు. ప్రోబ్ కొన 1–2 సెంటీమీటర్ల లోతున ఉండాలి. పైకి ఉంటే నురగ తప్ప పని జరగదు. అయ్యాక అడుగున బూడిదరంగు మసి కనిపిస్తే అది ప్రోబ్ నుంచి రాలిన టైటానియం. చల్లారాక నెమ్మదిగా సెంట్రిఫ్యూజ్ చేసి తీసేయండి. కొవ్వు కణాలు నీటికంటే తేలిక కాబట్టి అవి కిందికి రావు, టైటానియం, సూదులు వస్తాయి. ఆ అడుగు తీసి హెచ్‌పీఎల్‌సీకి (మందు ఎంతుందో విడదీసి కొలిచే పరికరం) పంపితే బయటపడ్డ మందు ఎంతో కూడా ఒక అంచనా వస్తుంది.

#6 నరంకొస

అసలు 10% ఎందుకు ఎక్కించాలనుకున్నారో అడగొచ్చా? ఎంత ఎక్కువైతే అంత మంచిదనే లెక్కైతే కాస్త ఆగండి.

మార్కెట్లో మామూలు క్రీములు 0.025% లేదా 0.075%. చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల క్రీము రాస్తే, 0.075% దాంట్లో చర్మం మీద పడేది 1.5 మైక్రోగ్రాములు. 8% ప్యాచ్‌లో చదరపు సెంటీమీటరుకి 640 మైక్రోగ్రాములు. తేడా 400 రెట్ల పైనే. ఈ రెండూ ఒకే మందు అయినా వాడకం వేరు. క్రీము రోజుకి మూడు నాలుగుసార్లు, వారాల తరబడి రాయాలి. ప్యాచ్ పాదాలకి 30 నిమిషాలు, హెర్పిస్ జోస్టర్ తర్వాత వచ్చే నరాల నొప్పికి 60 నిమిషాలు, అదీ శిక్షణ ఉన్నవాళ్ల చేతిలో, మూడు నెలలకో సారికి మించకుండా. మీ జెల్ డిస్పర్షన్‌తో సగం సగం కలిపితే 0.25% అవుతుంది, రాస్తే 5 మైక్రోగ్రాములు. అటు ప్యాచూ కాదు, ఇటు రోజూ రాసుకునే క్రీమూ కాదు. రోజుకి మూడుసార్లు ఆ మంట ఎవరు భరిస్తారు?

క్యాప్సైసిన్ చేసే పని మత్తుమందు లాంటిది కాదు. నొప్పి నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దాని జన్యువుని పట్టుకుంది, 2021 నోబెల్ అందులోంచే వచ్చింది. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునే ఆ ద్వారాన్ని క్యాప్సైసిన్ మామూలు వేడిలోనే తెరుస్తుంది. అందుకే మంట. చాలాసేపు తెరిచి ఉంచితే కాల్షియం కొసలోకి వరదలా వచ్చి, కొస పని మానేస్తుంది, కొంత వెనక్కి ముడుచుకుంటుంది కూడా. నొప్పి తగ్గేది అప్పుడు. వారాల్లో కొస మళ్లీ పెరుగుతుంది.

ఇక్కడ గమనించాల్సింది, ఆ కొసలు ఎపిడెర్మిస్‌లోనే (చర్మం పైభాగంలోనే) ఉన్నాయి. చర్మం పై గట్టి పొర 10–20 మైక్రాన్లు. దాన్ని దాటిన వెంటనే మందు పని మొదలవుతుంది. చర్మం అవతలికి, రక్తంలోకి పోయిన ప్రతి మైక్రోగ్రామూ మీకు నష్టమే. మీరు గొప్పగా చెప్పిన ఫ్లక్స్ మూడు రెట్లు అంటే, మందు చర్మంలో నిలవకుండా మూడు రెట్లు వేగంగా జారిపోతోందని కూడా అర్థం. ఎపిడెర్మిస్‌లో ఎంత మిగిలింది? ఆ అంకె మీ పోస్టులో లేదు.

#7 ఫ్రాంజ్‌మూత

నరంకొస గారు నా నోట్లో మాట లాగేశారు. ఫ్రాంజ్ సెల్ సంగతి నేను చెప్తాను. ఇందులో తప్పుకి చోటు చాలా ఉంది.

చర్మం: ఎలుక చర్మం మనిషి చర్మం కంటే చాలా వదులు, వెంట్రుక కుదుళ్లు దట్టం. నానో కణాలు గట్టి పొరని చీల్చుకుని లోపలికి పోవు, ఎక్కువగా కుదుళ్ల గుంటల్లో చేరతాయి. కాబట్టి ఎలుక చర్మం మీద నానో ఫార్ములా ఎప్పుడూ అందంగా కనబడుతుంది. పంది చెవి చర్మం వాడండి. తెచ్చేటప్పుడు ఒక్క విషయం చూసుకోండి: వెంట్రుకలు ఊడ్చడానికి మరిగే నీళ్లలో ముంచిన చెవి పనికిరాదు. పై పొర అప్పటికే ఉడికిపోయి ఉంటుంది, ఏది రాసినా దాటుతుంది. వేడినీళ్లు తగలని చెవి తెచ్చి, చల్లటి నీళ్లతో కడిగి, డెర్మటోమ్‌తో (చర్మాన్ని పల్చగా కోసే పరికరం) 400 మైక్రాన్ల లోపు కోయండి. సెల్‌లో బిగించాక టీఈడబ్ల్యూఎల్ (చర్మం గుండా ఆవిరయ్యే నీరు) గానీ విద్యుత్ నిరోధం గానీ కొలిచి, చిరిగినవి పక్కన పెట్టండి.

వేడి: తొట్టి 37 అని రాసి వదిలేయకండి. చర్మం పైభాగం 32 ప్లస్ లేదా మైనస్ 1 డిగ్రీ ఉండాలి. ప్రోబ్ పెట్టి కొలవండి.

కింది ద్రవం: ఒట్టి ఫాస్ఫేట్ బఫర్‌లో క్యాప్సైసిన్ దాదాపు కరగదు. అది నిండిపోయాక ఎంత మందు చర్మం దాటాలనుకున్నా చోటు లేదు, మీరు కొలిచేది చర్మాన్ని కాదు, బఫర్ ఓపికని. మీ ద్రవంలో 32 దగ్గర మందు ఎంత కరుగుతుందో ముందు కొలవండి. 24 గంటల చివర్లో కూడా అందులో పదో వంతు దాటకూడదు. 4% అల్బుమిన్ కలిపితే సరిపోతుంది, బూజు పట్టకుండా కొంచెం సోడియం అజైడ్. ఇథనాల్ 30% పోసేవాళ్లున్నారు, అది కింద నుంచి చర్మంలోకి ఎక్కి అడ్డుగోడనే మెత్తబరుస్తుంది. అల్బుమిన్ వాడితే హెచ్‌పీఎల్‌సీ కాలమ్‌కి పంపే ముందు అసిటోనైట్రైల్‌తో ప్రొటీన్ దించేయడం మర్చిపోకండి.

డోసు: గరిటెడు జెల్ వేసి 12 గంటలు మూతపెడితే అది కట్టు కట్టినట్టే. మనిషి రాసుకునేది పల్చటి పూత. చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీగ్రాములు మించకుండా, మూత తెరిచి.

ముగింపు: ఇదే అసలు పని. మిగిలిన జెల్ తుడిచి దాచండి. టేపుతో 20 సార్లు ఒలవండి. మొదటి టేపు పైన మిగిలిన మందే, దాన్ని తుడిచిన లెక్కలో కలపండి. మిగతా చర్మాన్ని 60 డిగ్రీల నీళ్లలో ఒక నిమిషం ఉంచితే ఎపిడెర్మిస్ పట్టకారుతో పొరలా లేస్తుంది. ఎపిడెర్మిస్ వేరు, డెర్మిస్ (దాని కింది పొర) వేరు, ఒక్కోటి మెథనాల్‌లో రాత్రంతా ఊపి తీయండి. తుడిచింది, టేపులు, ఎపిడెర్మిస్, డెర్మిస్, కింది ద్రవం, అన్నీ కలిపితే వేసిన డోసులో 90–110% రావాలి. 60% వచ్చిందంటే మందు గాజుకో గొట్టానికో అతుక్కుంది, లేదా మీ ఎక్స్‌ట్రాక్షన్ సరిగా లేదు. అది తేలకుండా ఒక్క బార్ గ్రాఫ్ కూడా గీయొద్దు.

#8 పచ్చఫ్లాస్క్

> మామూలు జెల్ కంటే ఫ్లక్స్ మూడు రెట్లు

ఆ మామూలు జెల్‌లో ట్వీన్ ఉందా? ఒలీయిక్ ఆమ్లం ఉందా?

#9 జెల్‌చుక్క

లేవు. కార్బొపాల్ జెల్‌లో క్యాప్సైసిన్ కొద్దిగా ఇథనాల్‌తో కలిపాం.

#10 పచ్చఫ్లాస్క్

అయితే ఆ మూడు రెట్లు నానోదని చెప్పలేం. ఒలీయిక్ ఆమ్లం చర్మపు కొవ్వు వరసల్ని చెదరగొట్టే ఎన్‌హాన్సర్. ట్వీన్ మందుని కరిగిస్తుంది. మీ ‘మామూలు జెల్’లో ఇథనాల్ ఎగిరిపోయాక మందు సూదులై కూర్చుంది. కరిగిన మందుని కరగని మందుతో పోల్చారు.

కనీసం ఈ నాలుగు పోలికలు ఉండాలి. ఒకటి, అదే నూనె, అదే ట్వీన్, గట్టి కొవ్వు లేని నానోఎమల్షన్ (నీళ్లలో సన్నటి నూనె బొట్లు). రెండు, కొవ్వే లేని ట్వీన్ మిసెల్ ద్రావణం. మూడు, మందు లేని ఎన్ఎల్‌సీ, అందులో అప్పటికప్పుడు బయట నుంచి మందు కలిపి. నాలుగు, అదే శాతం మందున్న మామూలు క్రీము. అన్నీ ఒకే జెల్‌లో, ఒకే పీహెచ్‌లో, ఒకే మందు శాతంతో. వీటిలో మూడోది మీ ఎన్ఎల్‌సీతో సమానంగా వస్తే, కణంలో ఎక్కించడానికి పడ్డ కష్టం వృథా.

అదే ఎక్కువసార్లు జరిగేది, కానీ ఆ పోలిక ఎవరూ ప్రచురించరు :)

#11 పసుపుమరక

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇదే కణంలో కర్‌క్యుమిన్ కూడా వేస్తే మంట తగ్గించి, వాపు కూడా తగ్గిస్తుంది కదా? రెండూ కొవ్వులో కరిగేవే.

#12 సూదిస్ఫటికం

వేయడం తేలికే, అది పనిచేసిందని చూపించడమే కష్టం. కర్‌క్యుమిన్ పీహెచ్ 7 దాటితే నిలవదు. 37 డిగ్రీల్లో 7.2 ఫాస్ఫేట్ బఫర్‌లో అరగంటలో 90% చెడిపోతుందని 1997 నుంచి తెలిసిన సంగతి. ఫ్రాంజ్ సెల్ కింద 7.4 బఫర్ పెట్టి ‘దాటింది సున్నా’ అని రాస్తారు, దాటింది దాటినట్టే చెడిపోయిందని తెలుసుకోరు. వెలుగు పడినా పాడే. పైగా అది తనే వెలుగుతుంది (ఫ్లోరసెన్స్), చాలా ప్రొటీన్లకి అంటుకుంటుంది, సెల్ పరీక్షల్లో దొంగ ఫలితాలిస్తుంది. 2017లో మెడిసినల్ కెమిస్ట్రీ వాళ్లు దాని మీద రాసిన పెద్ద సమీక్ష చదివాక నాకైతే ఉత్సాహం చచ్చిపోయింది.

#13 పసుపుమరక

చెడిపోయేది నీళ్లలో విడిగా ఉన్నప్పుడు. కొవ్వు కణం లోపల ఉంటే నీళ్లు, హైడ్రాక్సైడ్ అందవు, చాలాకాలం నిలుస్తుంది. కింది ద్రవంలో అల్బుమిన్ ఉంటే అక్కడా చాలావరకు నిలుస్తుంది. అంబర్ సీసా, పీహెచ్ 5.5, కాస్త యాంటీఆక్సిడెంట్. అసాధ్యమేమీ కాదు. క్యాప్సైసిన్‌కి ఇన్ని తంటాలు పడుతున్నవాళ్లు దీనికే భయపడాలా?

#14 కరిగేకొవ్వు

అల్బుమిన్ సంగతి ఒప్పుకుంటాను, మంచి పాయింట్. కానీ ఒకే కణంలో రెండు మందులంటే ఆ కొవ్వులో చోటు కోసం రెండూ కొట్టుకుంటాయి. క్యాప్సైసిన్ ఒక్కదానికే 3% దగ్గర ఆపాలంటున్నాం. రెండో మందు వేస్తే స్లైడ్ పరీక్ష మళ్లీ మొదటినుంచి. విడివిడి కణాలు చేసి జెల్‌లో కలపడం మేలు. అప్పుడు ఏది ఎంత పనిచేసిందో కూడా తెలుస్తుంది. మరకల మాట అటుంచండి, బట్టలకి అంటిన పసుపు వదలదని మీ పేరే చెప్తోంది.

#15 లవంగంనూనె

యూజినాల్ (లవంగనూనెలోని పదార్థం) మీద పనిచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ట్వీన్‌తో నానోఎమల్షన్ చేస్తే మొదటిరోజు 60 నానోమీటర్లు, వారానికి 300, రెండో వారం పైన నూనె తేలుతోంది. సోనికేషన్ ఇంకా పెంచాలా?

#16 పచ్చఫ్లాస్క్

సోనికేషన్ ఎంత పెంచినా లాభం లేదు, ఇది ఆస్ట్వాల్డ్ రైపెనింగ్. యూజినాల్ నీళ్లలో కాస్త కరుగుతుంది, లీటరుకి సుమారు 2 గ్రాములు. చిన్న బొట్టులోంచి కరిగి పెద్ద బొట్టులో చేరుతుంది. ఎంత చిన్నగా కొడితే అంత వేగంగా పెరుగుతుంది. రోజువారీ వ్యాసార్థం ఘనం లెక్కేసి కాలానికి ఎదురుగా గీయండి, సరళరేఖ వస్తే ఇదే.

పరిష్కారం: సోనికేటర్‌తో కొట్టే ముందే యూజినాల్‌లో నీళ్లలో అస్సలు కరగని నూనె కలపాలి. మిగ్లియోల్ 812 సగం సగం వేసి మొదలుపెట్టండి. మిగ్లియోల్ బొట్టు వదిలి పోలేదు కాబట్టి యూజినాల్ ఒక్కటీ పోలేక ఆగుతుంది. ఇంకో మాట, యూజినాల్ ఆవిరై పోతుంది. 80 డిగ్రీల గిన్నెలో తెరిచి పెడితే తూచినంత మిగలదు. చల్లగా, మూత వేసి, గాజులో పని చేయండి. చిక్కటి యూజినాల్ పాలీస్టైరీన్‌ని మెత్తబరుస్తుంది, ఇనుము తగిలితే నల్లబడుతుంది. కొంతమంది చర్మానికి పడదు కూడా, అలర్జీ పరీక్షల ప్యానెల్‌లో దాని పేరు ఉంటుంది.

#17 జెల్‌చుక్క

మళ్లీ మా దారికి. జెల్‌లో కలిపేటప్పుడు చేసే తప్పులు చెప్పండి. మొదటి బ్యాచ్‌లో జెల్‌లో కలపగానే 142 కాస్తా 210 అయింది.

#18 కరిగేకొవ్వు

ట్రైఇథనాలమైన్ (జెల్ పీహెచ్ పెంచే క్షారం) ఎప్పుడు వేశారు, కణాలు కలిపాకా?

#19 జెల్‌చుక్క

అవును. కణాలు కలిపి, చివర్లో చుక్కలుగా పీహెచ్ 6 దాకా.

#20 కరిగేకొవ్వు

అదే కారణం. చుక్క పడ్డచోట క్షణకాలం పీహెచ్ 9 పైకి ఎగురుతుంది. అక్కడున్న కణాల్లోని ఒలీయిక్ ఆమ్లం సబ్బుగా మారి పైకి వస్తుంది, కణాల పైపొర చెదురుతుంది. కర్‌క్యుమిన్ ఉంటే ఈ తప్పు కంటికే కనబడేది: చుక్క పడ్డచోట పసుపు జెల్ ఎర్రమట్టి రంగులోకి తిరిగి, కలిపాక కూడా అక్కడక్కడా చారలు మిగిలిపోతాయి.

వరస మార్చండి. 1.5% కార్బొపాల్ జెల్ విడిగా చేయండి. పొడిని తిరుగుతున్న నీళ్లలో జల్లెడ పట్టి చల్లాలి. ఒక్కసారిగా పోస్తే ఉండలు కట్టి లోపల పొడి అలాగే ఉంటుంది. రాత్రంతా నాననివ్వండి. ట్రైఇథనాలమైన్‌ని నీళ్లలో పదో వంతుకి పల్చన చేసి పీహెచ్ 5.8 దాకా తెండి. ఆ తర్వాత డిస్పర్షన్ సమానంగా పోసి, 200–300 ఆర్‌పీఎం పెడల్‌తో నిదానంగా కలపండి. హోమోజినైజర్ పెడితే గాలి బుడగలు, పైగా షియర్‌కి కణాలు అతుక్కుంటాయి. సన్నసూది సిరంజితో ఎక్కించినా ఇదే గొడవ. ఒలీయిక్ ఆమ్లం తీసేసి మిగ్లియోల్ వేస్తే సబ్బు సమస్యా పోతుంది, ఎన్‌హాన్సర్ అనుమానమూ పోతుంది.

కైటోసాన్ పూసిన ప్లస్ చార్జి కణాలైతే కార్బొపాల్ అస్సలు వద్దు. కలిపిన క్షణంలో పెరుగు విరిగినట్టు విరుగుతుంది. 2% హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్ వాడండి. ప్రిజర్వేటివ్ మర్చిపోవద్దు, నీళ్లున్న జెల్ అది. ఫినాక్సీఇథనాల్ కొంత కొవ్వులోకి పోతుంది కాబట్టి వేసిన వారానికి సైజు మళ్లీ చూడండి.

#21 నిర్వాహకులు

చర్చ బాగుంది, ఒక హెచ్చరిక పెట్టి పోతున్నాను. ఇది ల్యాబ్ పని. శుద్ధ క్యాప్సైసిన్ ఒట్టి చేత్తో, ఫ్యూమ్ హుడ్ బయట తూచొద్దు. పొడి స్టాటిక్‌కి ఎగిరి అద్దాలకి అంటుతుంది. వీలైతే సీసా మొత్తాన్ని తూచి, అందులోనే ఇథనాల్ పోసి ద్రావణంగా తీసుకోండి. దాన్ని కొవ్వులో వాడితే ఇథనాల్‌ని పూర్తిగా ఆరబెట్టాకే ముందుకు వెళ్లాలి. సోనికేషన్‌లో వచ్చే తుంపర గొంతు పట్టేస్తుంది, మూసిన పెట్టెలో పెట్టండి. నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. చర్మానికి అంటితే నీళ్లతో రుద్దడం వల్ల లాభం లేదు, నూనెతో తుడిచి ఆ తర్వాత సబ్బు. రాసిన చోట వేడి కాపడం పెట్టకూడదు.

ఇంట్లో ఎవరి మోకాలి మీదా ప్రయోగాలు వద్దు. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్, క్యాప్సైసిన్ పైపూతల వల్ల చర్మం కాలిన కేసుల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2012లోనే హెచ్చరిక ఇచ్చింది. ‘మొక్కలోంచి వచ్చిందే కదా’ అనే మాట ఇక్కడ చెల్లదు.

#22 నరంకొస

జంతు పరీక్షల దగ్గర కూడా రెండు మాటలు చెప్పేస్తాను. పాదానికి రాసి హాట్ ప్లేట్ (వేడి పళ్లెం) పరీక్ష ఒక్కటే చేసి ‘లోకల్ రిలీఫ్’ అని రాయకండి. మందు రక్తంలోకి పోయి పనిచేసిందా, అక్కడే పనిచేసిందా అని తెలియాలంటే, ఒక గుంపుకి నొప్పి లేని రెండో కాలికి రాయాలి. అక్కడ రాసినా నొప్పి కాలు బాగుపడిందంటే అది లోకల్ కాదు. ఎలుక రాసిన కాలు నాకుతుంది, కాలర్ వేయకపోతే మీరు చేసింది నోటి డోసు. కారాజీనన్ (పాదంలో వాపు పుట్టించడానికి ఎక్కించే పదార్థం) వాపు తగ్గితే అది వాపు తగ్గడమే, నొప్పి వేరుగా వాన్ ఫ్రే తంతులతో (పాదానికి నొక్కి చూసే సన్నటి దారాలు) కొలవాలి. క్యాప్సైసిన్ మొదటి రోజు నొప్పి పెంచుతుంది కాబట్టి ఒక్క రోజు పరీక్షలో ఓడిపోయినట్టే కనబడుతుంది. రోజూ రాస్తూ 5వ రోజు, 10వ రోజు చూడండి.

మనుషుల పరీక్షల్లో ఇంకో తలనొప్పి. మంట పుట్టినవాడికి తనకు అసలు మందే పడిందని తెలిసిపోతుంది. అందుకే 8% ప్యాచ్ పరీక్షల్లో పోలికగా ఒట్టి ప్యాచ్ కాకుండా 0.04% క్యాప్సైసిన్ ఉన్నది వాడారు, ఇద్దరికీ కాస్త మండాలని. మీ నానో జెల్‌కి మంట తక్కువని చెప్పదలచుకుంటే, ముందు విడుదల వేగం చూపించాలి.

#23 ఫ్రాంజ్‌మూత

విడుదల అనగానే డయాలసిస్ సంచి (మందు బయటికి వచ్చే వేగం కొలవడానికి వాడే పొర సంచి) గుర్తొస్తుంది. అందులో కణాలు లేని ఒట్టి మందు ద్రావణం కూడా ఒకటి పెట్టండి. అది బయటికి రావడానికే 6 గంటలు పడితే, మీ ‘12 గంటల నిదాన విడుదల’లో సగం సంచి గొప్పే.

#24 జెల్‌చుక్క

అందరికీ చాలా థాంక్స్. మార్చిన ఫార్ములా ఇదీ, 100 గ్రాములకి: కాంప్రిటాల్ 3.5, మిగ్లియోల్ 812 1.5, క్యాప్సైసిన్ 0.15, పొలోక్సమర్ 188 (ఇంకో సర్ఫాక్టెంట్) 1.5, ట్వీన్ 80 1.0, మిగతాది నీళ్లు. 1.5% జెల్‌తో సగం సగం కలిపితే చివరికి మందు 0.075%, కార్బొపాల్ 0.75%. పచ్చఫ్లాస్క్ గారి నాలుగు పోలికలూ ఇదే జెల్‌లో. పంది చెవి, చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీగ్రాములు, మూత తెరిచి, 24 గంటలు, ఎపిడెర్మిస్ విడిగా. స్లైడ్లు ఈరోజే పెట్టాం. ఏమైనా మర్చిపోయానా?

#25 సూదిస్ఫటికం

మందు సీసా మీద ఏం రాసుందో చూడండి. సహజ క్యాప్సైసిన్ అయితే అందులో పెద్ద వాటా డైహైడ్రోక్యాప్సైసిన్ ఉంటుంది. హెచ్‌పీఎల్‌సీలో 281 నానోమీటర్ల వెలుగు దగ్గర చూస్తే క్యాప్సైసిన్ వెనకగా దాని శిఖరం వస్తుంది, రెండూ కలిపి లెక్కేయాలి. ‘సింథటిక్’ అని ఉంటే అది క్యాప్సైసినేనా లేక నోనివమైడా అని సర్టిఫికెట్‌లో అణుభారం చూడండి: క్యాప్సైసిన్ 305.4, నోనివమైడ్ 293.4. నోనివమైడ్ శిఖరం క్యాప్సైసిన్‌ని అతుక్కునే వస్తుంది, మామూలు సీ18 కాలమ్ మీద విడదీయడం కష్టం. ముందు అది తేలితే మీ 0.15 గ్రాములు నిజంగా 0.15 అవునో కాదో తెలుస్తుంది.

#26 జెల్‌చుక్క

చూశాను. సహజమే. క్యాప్సైసిన్ 65%, డైహైడ్రో 30% అని ఉంది. ఇన్నాళ్లూ మొదటి శిఖరం ఒక్కటే లెక్కేస్తున్నాం. పాత అంకెలన్నీ మళ్లీ వేస్తున్నాను, 21వ రోజు స్లైడ్ ఫొటోలతో ఇక్కడే పెడతాను.